పక్కాయన

మా తమ్ముడి దిండు గలీబులు ఉతికేది నేనే. ఆ పని ఇంకొకరికి చెప్పను. చెప్పినా ఎవరూ చెయ్యరు.

పొద్దున్నే వాడు మొహం కడుక్కుంటూ ఉండగా నేను వాడి మంచం దగ్గరికి వెళ్ళి, దిండు మీద పరిచిన తువ్వాలును రెండు వేళ్ళతో అంచు పట్టుకుని ఎత్తుతాను. బరువుగా లేస్తుంది. రాత్రంతా వాడి నోట్లోంచి కారిన చొంగ తువ్వాలును నానబెట్టి, గలీబులోకి దిగి, దూదిలోకి ఇంకిపోయి ఉంటుంది. పాచినోటి వాసన, దాని వెనక ఎండని గుడ్డల ముక్కిన వాసన. ఒక్కోసారి ఎత్తుతుంటే సన్నటి జిగట తీగ ఒకటి సాగి, సాగి, తెగి నా మణికట్టు మీద చుట్టుకుంటుంది. చిన్నప్పుడు వాడి చీమిడి ముక్కు నా చేత్తో తుడిచినదాన్నే. అయినా మొహం పక్కకి తిప్పుకుంటాను. ఏం చెయ్యను? ప్రేమ వేరు, ముక్కు వేరు.

అది వాడి తప్పు కాదు. వాడు వేసుకునే మాత్ర అలాంటిది.

మా ఇల్లు ఇనప సామాన్ల కొట్టు మీద రెండు గదులు. ముందు గదిలో నా కుట్టు మిషను, నా మంచం. వెనక గది తమ్ముడిది. నేను బడి పిల్లల యూనిఫారాలు కుడతాను. తమ్ముడు వీధి చివర పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనిచేస్తాడు. మామూలు ఇల్లు, మామూలు బతుకు. ఈ మామూలు బతుక్కి రావటానికే మాకు తలప్రాణం తోకకొచ్చింది.

చదువు అయిపోయిన ఏడాది వాడికి ఒక గొంతు వినబడటం మొదలైంది. దానికి వాడే పేరు పెట్టాడు, పక్కాయన అని. మనిషి కనబడడట. ఎప్పుడూ ఎడమ పక్కనే ఉంటాడట. చెవికి మూతి ఆనించి తడితడిగా మాట్లాడతాడట. "నీ కంచంలో అందరూ ఉమ్మేశారు. తినకు" అంటాడట. తమ్ముడు తినేవాడు కాదు. రోజంతా చెవి తుడుచుకునేవాడు, తోలు లేచి పచ్చిపుండు అయ్యేదాకా. ఇంటికెవరైనా వస్తే, "ఆ కుర్చీలో కూర్చోకండి, అక్కడ ఆయనున్నాడు" అనేవాడు. వచ్చినవాళ్ళు నా మొహం చూసేవారు. నేను నేల చూసేదాన్ని.

మొదట ఇచ్చిన మందులు ఏవీ పట్టలేదు. చివరికి డాక్టరమ్మ క్లోజపిన్ అనే మాత్ర మొదలుపెట్టింది. "మిగతావి పనిచెయ్యనప్పుడు ఇచ్చేది ఇది. నిద్ర ఎక్కువ వస్తుంది, ఒళ్ళు రావచ్చు, రాత్రిళ్ళు చొంగ కారుతుంది. రక్తపరీక్షలు మాత్రం తప్పకూడదు. మీ అంతట మీరు ఎప్పుడూ ఆపకండి. రెండు రోజులు తప్పిపోయినా మళ్ళీ చిన్న మోతాదు నుంచి ఎక్కాల్సి వస్తుంది" అని నాకూ వాడికీ కలిపి చెప్పింది.

మెల్లమెల్లగా వాడు చెవి తుడుచుకోవడం మానేశాడు. ఒకరోజు నేను తింటుంటే వచ్చి, నా కంచంలోంచే ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆ ముద్ద మింగేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. ఆ తర్వాత వాడికి పని దొరికింది, ఒళ్ళు వచ్చింది, జోకులు వచ్చాయి. "అక్కా, నా తువ్వాళ్ళు పిండితే మన వీధికి కొళాయి అక్కర్లేదు" అనేవాడు. ఛీ, నోర్ముయ్ అని నవ్వేదాన్ని.

మొదటిసారి తేడా కనిపెట్టింది మా పిన్ని.

మా అమ్మ చెల్లెలు. మనిషి మంచిదే, నోరే కాస్త పెద్దది. ఒకరోజు మధ్యాహ్నం వచ్చి, భోంచేసి, "నీ మిషను మోత నా వల్ల కాదు తల్లీ" అంటూ వెనక గదిలోకి పోయి తమ్ముడి మంచం మీద పడుకుంది. తమ్ముడు పొద్దున్నే షాపుకి వెళ్ళిపోయాడు. దిండుకి ఉతికిన గలీబు నేనే తొడిగాను.

కాసేపటికి పిన్ని కేక వినబడి మిషను ఆపాను.

"ఏమే! పైకప్పు కారుతోందా?"

గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు ఒక పక్కంతా తడిసి బుగ్గకి అంటుకుపోయింది. వేళ్ళతో తీసుకోబోతే వెంట్రుకలతో పాటు జిగురు సాగింది. పిన్ని ఆ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మొహం వికారంగా మారిపోయింది.

"ఛీ... ఛీ! ఇది నీళ్ళు కాదే!"

నేను పరిగెత్తి చూశాను. పైకప్పు పొడిగా ఉంది. దిండు మాత్రం నానిపోయి ఉంది. చెయ్యి పెట్టాను, వెంటనే తీసేశాను. వెచ్చగా ఉంది.

పిన్ని తలంటుకుంది. చాలక మళ్ళీ తలంటుకుంది. వెళ్ళేముందు చెప్పులు వేసుకుంటూ, మొదటిసారి గొంతు తగ్గించి అడిగింది.

"నేను నిద్రపోతున్నప్పుడు వచ్చి నా పక్కన పడుకున్నావా?"

"లేదే. మిషను మీదే ఉన్నాను."

"మరి వెచ్చగా వీపుకి తగిలిందే... నువ్వే అనుకుని కాస్త జరిగి చోటిచ్చాను కూడా."

ఆమె వెళ్ళాక ఆ దిండును డాబా మీదకి తీసుకుపోయి కత్తెరతో కుట్లు విప్పాను. లోపల దూది పొరలు పొరలుగా లేదు. ఉండలు ఉండలుగా ఉంది. చిన్న చిన్న బూడిద రంగు ముద్దలు. ఒకటి విప్పి చూశాను. నమిలిన గుర్తులు. ఎవరో తీరిగ్గా, లోపలి నుంచి, ఒక్కో ముద్దే నమిలి ఉమ్మినట్టు... అక్కడే గోడ పట్టుకుని కక్కుకున్నాను.

దిండు పారేశాను. కొత్తది కొన్నాను. తమ్ముడికి చెప్పలేదు. ఈ మాట వాడి చెవిన పడటం నాకు ఇష్టం లేదు.

కానీ తడి మంచం దగ్గర ఆగలేదు. కుట్టి మడతపెట్టిన చొక్కాలు తీస్తే కాలర్లు తడిగా ఉండేవి, ఒక్కో కాలరూ చప్పరించి వదిలినట్టు. మంచినీళ్ళ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటే అంచుకి జిగట తగిలేది. ఒక పొద్దున నా దువ్వెన పళ్ళ మధ్య నుంచి తీగ సాగింది. ఇల్లంతా ఆ పాచినోటి వాసన. తలుపులు, కిటికీలు తెరిచినా పోదు. నేను తినడం తగ్గించాను. కంచం ముందు కూర్చుంటే, ఎవరో ఈ కంచంలో... అనిపించేది. ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి నా వేళ్ళు కంచంలోనే ఆగిపోయేవి.

నేను చెప్పకపోయినా తమ్ముడు కనిపెట్టాడు. షాపు నుంచి వచ్చేసరికి బాల్చీలో కాలర్లు నానబెట్టి ఉన్నాయి. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇవెందుకు ఉతుకుతున్నావక్కా? కొత్త బట్టలు కదా?"

"మరకలు పడ్డాయి."

వాడు వంగి ఒక చొక్కా పైకి తీశాడు. చూశాడు. నాకంటే ఆ మరకలు బాగా తెలిసినవాడు వాడే.

"ఇది నాది కాదు," అన్నాడు నెమ్మదిగా. "నేను ఈ గదిలో పడుకోను."

వాడు బాల్చీ పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, ఆయన పోయాడని నేను ఎప్పుడూ అనలేదు. నాకు వినబడటం లేదు అన్నాను, అంతే."

నేను పిండుతున్న చొక్కా బాల్చీలోకి జారిపోయింది.

"అప్పుడైతే ఎక్కడున్నాడో నాకు తెలిసేది. అక్కడ కూర్చోవద్దని చెప్పేవాణ్ణి. మీరంతా పిచ్చి అనుకున్నారు. పరవాలేదు, జబ్బే అది, నాకూ తెలుసు. కానీ ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు కదా."

"అలా మాట్లాడకురా."

"ఒక మాట చెప్పనా? నాలుగు రోజులు మాత్ర ఆపుతాను. మళ్ళీ వినబడుతుంది. ఎక్కడున్నాడో, ఏం కావాలో కనుక్కుని..."

"చంపేస్తాను!"

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. వాడు ఉలిక్కిపడ్డాడు. నేను చేతులు తుడుచుకుని వాడి ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఒరేయ్, విను. నువ్వు మళ్ళీ అటు పోతే నిన్ను వెనక్కి తేవడం ఈసారి నా వల్ల కాదు. ఈ ఇంట్లో దెయ్యం ఉంటే ఉండనీ. నీ తలలో మాత్రం వద్దు. రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం పోదాం. ఈ రాత్రి మాత్ర వేసుకో."

వాడు చొక్కాను మళ్ళీ బాల్చీలో వేశాడు. తర్వాత తల ఊపాడు.

వెనక గదికి గడియ పెట్టేశాం. వాడికి నా మంచం ఇచ్చాను. నా కళ్ళ ముందే మాత్ర వేసుకుని, ఆసుపత్రిలో అలవాటైనట్టు నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించాడు. కాసేపట్లో నిద్రపోయాడు. ఆ మాత్ర వేసుకున్నవాడి నిద్ర రాయి లాంటిది.

నేను మిషను ముందు కూర్చున్నాను. తెల్లారితే ఇవ్వాల్సిన చొక్కాలున్నాయి. బయట వాన మొదలైంది. మాత్రల అట్ట మిషను బల్ల మీదే, చెయ్యి చాపితే అందేచోట పెట్టుకున్నాను. పాదంతో తొక్కుతుంటే మిషను టకటక, కిటికీ రేకు మీద వాన టపటప. భయం కాస్త సద్దుమణిగింది. ఇంతలో కరెంటు పోయింది.

కొవ్వొత్తి వెలిగించాను. మిషను ఆపాను. అప్పుడు వినబడింది.

వెనక గదిలో. గడియ పెట్టిన తలుపు అవతల.

నాలుక అంగిటికి తగిలి విడిపోతున్న చప్పుడు. చప్... చప్... నోటినిండా ఊరినదాన్ని గటుక్కున మింగిన చప్పుడు. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ చప్... చప్...

కొవ్వొత్తి పట్టుకుని తమ్ముడి వైపు చూశాను. వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పెదాలు మూసుకుని ఉన్నాయి. దిండు మీద చెయ్యి పెట్టాను.

పొడిగా ఉంది.

ఈ మాత్ర మొదలుపెట్టాక వాడి దిండు పొడిగా ఉండటం అదే మొదటిసారి. సంతోషించాల్సిన విషయం. నేను మాత్రం చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

వెనక గదిలో చప్పుడు ఆగిపోయింది.

తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో తెలీదు. నిలబడే ఓపిక లేదు, అంతే. వాన, కొవ్వొత్తి, నా ఊపిరి. ఇంకో ఊపిరి.

నా ఎడమ పక్కన.

తల తిప్పలేదు. తిప్పలేకపోయాను. ముందు వాసన వచ్చింది. ఏళ్ళ తరబడి మూసి ఉంచిన నోరు తెరిస్తే వచ్చే వాసన. తర్వాత వేడి. తర్వాత చెవి తమ్మెకి ఏదో తగిలింది... మెత్తగా, తడిగా. అతుక్కుంది.

"అక్కా..."

తమ్ముడి గొంతు కాదు. ఎవరి గొంతూ కాదు. నోటినిండా నీళ్ళు పెట్టుకుని మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ మాటతో పాటు చెవిలోకి వెచ్చగా ఏదో కారింది.

"వాడు వినడం లేదు... నువ్వు విను."

పళ్ళు బిగించాను. అరవకూడదు. అరిస్తే తమ్ముడు లేస్తాడు. లేచి నన్ను ఇలా చూస్తే, రేపటి నుంచి మాత్ర ముట్టుకోడు. నాకోసమే ముట్టుకోడు. అది దీనికీ తెలుసు.

"పారెయ్..."

ఏం పారెయ్యాలో చెప్పలేదు. నా చెయ్యి అప్పటికే అట్ట మీదకి పోయింది. గుప్పిట్లో బిగించి ఒళ్ళోకి లాక్కున్నాను.

"పారెయ్ అక్కా..."

"పారెయ్యను." పెదాలు కదిలించకుండానే అన్నాను.

చెవి దగ్గర అది నవ్విందో, మింగిందో. తర్వాత మెడ మీదుగా కిందకి జారడం మొదలుపెట్టింది. మెడ... భుజం... మోచెయ్యి... వెళ్ళిన దారంతా నత్త పాకినట్టు జిడ్డు. గుప్పిట దగ్గర ఆగింది. వేళ్ళ సందుల్లో ఏదో తడుముతోంది. మందంగా ఉంది. పైన గరుకు, కింద మెత్తన. చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య దూరడానికి ప్రయత్నించింది. దూరలేదు. పక్క సందులో ప్రయత్నించింది. ఓపిగ్గా, ఆకలిగా. నా మణికట్టు నుంచి చొంగ బొట్లు బొట్లుగా ఒళ్ళో పడుతోంది, చీర తడిసి తొడకి అతుక్కుంటోంది. గొంతులోకి వాంతి వచ్చింది. మింగాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ మింగాను.

కొవ్వొత్తి ఆరిపోయింది.

ఆ తర్వాత ఎంతసేపో నాకు తెలీదు. గుప్పిట మాత్రం విప్పలేదు. అది ఒక్కో వేలే నోట్లోకి తీసుకుంది... చప్పరించింది... వదిలింది. మళ్ళీ మొదటి వేలు. నా తమ్ముడు నా కంచంలోంచి తిన్న ఆ ఒక్క ముద్దనే తల్చుకుంటూ కూర్చున్నాను. ఇంకేమీ తల్చుకోలేదు.

వాన ఆగింది. కిటికీ తెల్లబడింది. పక్కన ఏమీ లేదు.

నా వేళ్ళు రోజంతా నీళ్ళలో నానినట్టు తెల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి. గుప్పిట విప్పాను. అట్ట నలిగింది. మాత్రలు ఒక్కటీ తడవలేదు.

తమ్ముడు ఆవులిస్తూ లేచాడు. "రాత్రేమైనా జరిగిందా అక్కా?"

"ఏం జరుగుతుంది? గుర్రు పెట్టి నా ప్రాణం తీశావు."

వాడు నవ్వాడు. ఆ నవ్వు చూసి, వెళ్ళి స్నానాల గదిలో తలుపేసుకుని, చెయ్యి ఎర్రబడేదాకా సబ్బుతో రుద్దుకున్నాను.

డాక్టరమ్మ దగ్గర తమ్ముణ్ణి బయట కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె నవ్వలేదు. నన్ను చాలా ప్రశ్నలు అడిగింది, నిద్ర గురించి, తిండి గురించి, గొంతుల గురించి. పరీక్షలు చేయించింది. వారం వారం రమ్మంది. వెళ్ళాను. జబ్బే అయితే బాగుండునని కోరుకుంటూ వెళ్ళాను. జబ్బుకి మాత్ర ఉంటుంది. చివరికి ఆమె, "మీలో నాకు ఏ జబ్బూ కనబడటం లేదమ్మా. అలిసిపోయారు, అంతే" అంది. తమ్ముడి చొంగ తగ్గడానికి ఏవో చుక్కల మందు రాసింది.

తర్వాత అంతా సర్దుకుంది. కాలర్లు తడవలేదు. వాసన పోయింది. తమ్ముడికి షాపులో కొత్తవాళ్ళకి పని నేర్పే బాధ్యత ఇచ్చారు. నేను మళ్ళీ కడుపునిండా తింటున్నాను.

మొన్న ఎండ బాగా కాస్తున్న మధ్యాహ్నం, కింద కొట్టు ఆయన ప్యాంటు పొడుగు తగ్గించమని పైకి వచ్చాడు. తమ్ముడికి సెలవు, కిటికీ దగ్గర కూర్చుని ఏదో చదువుకుంటున్నాడు. కొట్టు ఆయన గుమ్మంలోనే ఆగి, నా వైపు చూసి మొహం చిట్లించాడు.

"ఏంటమ్మా అది? మాంసం గానీ వేలాడదీశావా? ఈగలు ముసిరిపోతున్నాయి."

నేను ఏమీ వేలాడదీయలేదు. మిషను ఆపి ఎడమ పక్కకి చూశాను.

ఈగలు. ఎగరడం లేదు, వాలి ఉన్నాయి. గోడ మీద కాదు, తాడు మీద కాదు... నా మొహానికి జానెడు దూరంలో, ఉత్త గాలిలో. ఒకదాన్నొకటి ఆనుకుని, గుండ్రంగా, నల్లటి పెదాల అంచులా వాలి ఉన్నాయి. కాళ్ళు రుద్దుకుంటూ, ఏదో జుర్రుకుంటున్నాయి.

"ఏంటక్కా అలా చూస్తున్నావు?" తమ్ముడు తలెత్తి అడిగాడు.

"ఏం లేదు," అన్నాను. "నువ్వు చదువుకో."

ఈగలు ఒక్కటీ లేవలేదు. ఆ గుండ్రం మాత్రం, మెల్లగా, పెద్దదైంది.